పక్కకి వంగిన వెన్నుని గూని అనవచ్చా?

సందేహం: మా అమ్మాయికి పదమూడేళ్లు. స్కోలియోసిస్ ఉందన్నారు. ఒక క్యాంపులో ఇచ్చిన తెలుగు కాగితంలో ‘పార్శ్వగూని’ అనీ, ‘మొండెం కండరాల బలహీనత వల్ల వస్తుంది’ అనీ ఉంది. అది చదివి పిల్ల ఒకటే ఏడుపు. ఈ మాటలు సరైనవేనా? – ఒక తల్లి, తిరుపతి

సమాధానం: సరైనవి కావమ్మా. ముందు గూని సంగతి చూద్దాం. వెన్ను ముందుకి వంగి, వీపు మూపురంలా వెనక్కి పొడుచుకొస్తే అది గూని. తమిళంలో కూన్, కన్నడంలో గూను, అంతా ఒకే ఇంటి మాట, చిత్తూరు వైపు వాళ్లకి ఇది కొత్త కాదు. స్కోలియోసిస్‌లో వెన్ను వంగేది పక్కకి, వంగుతూ కొంచెం మెలి కూడా తిరుగుతుంది. ఎక్స్‌రేలో ఆ వంపు కనీసం 10 డిగ్రీలు ఉంటేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. పిల్లని ముందుకి వంగమన్నప్పుడు ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా కనబడతాయి కదా, బహుశా అది చూసి గూని అని రాసి ఉంటారు, కానీ ఆ ఎత్తు మెలి వల్ల వచ్చింది. ముందు ‘పార్శ్వ’ అని సంస్కృతం తగిలించినా వినేవాళ్ల చెవిలో పడేది గూనే, పైగా అది తిట్టుగా వాడే మాట.

స్కోలియోసిస్ అన్న పేరుకి గ్రీకు మూలంలో అర్థం ‘వంకర’. అదీ వద్దంటాను. వంకర బుద్ధి, వంకర మాట అని వాడి వాడి ఆ మాటకి మనం మచ్చ పెట్టేశాం. ‘వంపు’ చాలు. తిరుమల ఘాట్ రోడ్డుకి ఎన్ని వంపులో అంటాం, అందులో తప్పు పట్టడం ఏమీ లేదు. ‘వెన్ను పక్కవంపు’ అంటే అర్థమూ సరిపోతుంది, మనసూ నొచ్చుకోదు.

ఇక మొండెం. తల తెగిన ఒంటిని మొండెం అంటాం, బతికున్న పిల్ల గురించి ఆ మాట ఎలా రాయబుద్ధయిందో! ఇంగ్లీషు ‘ట్రంక్’ని అలా తెలుగు చేసినట్టున్నారు. ఆ ట్రంక్ చెట్టుకైతే మాను, ఏనుగుకైతే తొండం, మనిషికి వచ్చేసరికి నడుము, వీపు, పొట్ట అని విడివిడిగా చెప్పుకోవడమే మనకి అలవాటు. ఇక్కడ ముఖ్యంగా చెప్పాల్సింది వెన్నెముకకి అటూ ఇటూ ఉండే కండరాల గురించి కాబట్టి ‘వెన్ను పక్క కండరాలు’ అంటే సరి. (సంస్కృతంలో కండర అంటే నరంలాంటి గట్టి స్నాయువు, తెలుగులో కండ దగ్గరికొచ్చి స్థిరపడింది, దాన్ని ఇప్పుడు కదపక్కర్లేదు.)

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ‘వల్ల’ అన్న రెండక్షరాలు. పరిశీలించి చూస్తే వంపుకి రెండు వైపులా కండరాలు ఒకేలా లేని మాట నిజమే. బయటి వైపు, మెల్లగా పనిచేస్తూ త్వరగా అలసిపోని రకం పోగులు ఎక్కువ, లోపలి వైపు అవి తక్కువ, అక్కడ కొవ్వు కూడా ఎక్కువ చేరుతుంది. అయితే ఈ తేడా వంపుకి కారణమా, లేక వంపు వచ్చాక ఒక పక్కే భారం పడి కలిగిన మార్పా అన్నది ఇంకా తేలలేదు. ఎదిగే వయసులో, నూటికి 2, 3 మందిలో కనిపించే ఈ రకానికి వైద్యులు పెట్టుకున్న పేరులోనే ‘కారణం తెలియనిది’ అని ఉంది. తేలని చోట ‘వల్ల’ అని రాస్తే, నేను సరిగా కూర్చోలేదు, బరువు బ్యాగు మోశాను, వ్యాయామం చేయలేదు అని ఆ పిల్ల తనని తానే తిట్టుకుంటుంది. అక్కడ ‘తో పాటు’ అనాలి.

ఆ కాగితం నన్ను రాయమంటే ఇలా రాస్తాను: ‘ఎదిగే వయసులో కొందరు పిల్లలకి వెన్ను పక్కకి వంగి, కొంచెం మెలి తిరుగుతుంది. ఎందుకో ఇంకా తెలియదు. దాంతో పాటు వెన్ను పక్క కండరాల్లో ఒక వైపుకీ ఇంకో వైపుకీ తేడా కనిపిస్తుంది.’ పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఇది మీరే చదివి వినిపించండమ్మా. బడిలో ఎవరైనా అడిగితే స్కోలియోసిస్ అనే చెప్పనివ్వండి, షుగరూ బీపీ లాగే అదీ మన నోట్లో ఇమిడిపోతుంది.