గిట్ సందేహాలు: కమిట్ చేసిన పని అంత తేలిగ్గా పోదు

ప్రోగ్రామ్ ఫైళ్లలో చేసే మార్పుల చరిత్రను భద్రపరిచే పనిముట్టు గిట్. అందులో నమోదు చేసిన ఒక్కొక్క దశను కమిట్ అంటారు.

ప్రశ్న: ఉద్యోగంలో చేరి కొన్ని నెలలే అయింది. ఒక తప్పు కమిట్‌ను తీసివేయబోయి 'గిట్ రీసెట్ --హార్డ్ హెడ్~3' అని కొట్టాను. ఒకటి పోవలసిన చోట మూడు కమిట్లు పోయాయి, ఇంకా కమిట్ చేయని మార్పులు కూడా మాయమయ్యాయి. వాటిని తిరిగి తెచ్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ మూడు కమిట్ల గురించి మీరు దిగులు పడనవసరం లేదు. రీసెట్ కమిట్లను చెరిపివేయదు, మీ బ్రాంచి (కమిట్ల వరుస) పేరు ఏ కమిట్‌ను చూపుతున్నదో ఆ గుర్తును వెనక్కి జరుపుతుంది, అంతే. హెడ్, అంటే మీరు ప్రస్తుతం ఉన్న కమిట్‌ను చూపే గుర్తు, ఎప్పుడు ఎక్కడికి కదిలిందో గిట్ మీ కంప్యూటర్‌లోనే ఒక చిట్టా రాసి పెట్టుకుంటుంది. 'గిట్ రెఫ్‌లాగ్' అని కొడితే ఆ చిట్టా తాజా వరుస పైన ఉండేలా కనిపిస్తుంది. మీరు చేసిన రీసెట్ నమోదైన వరుసకు సరిగ్గా కిందనున్నదే మీరు పోయిందనుకుంటున్న చివరి కమిట్. ఆ వరుస మొదట్లో ఉన్న సంకేతాన్ని కాపీ చేసుకుని, 'గిట్ బ్రాంచ్ రక్షణ' అని రాసి, దాని పక్కన ఆ సంకేతాన్ని అతికించి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు 'రక్షణ' అనే బ్రాంచిలో మూడు కమిట్లూ భద్రంగా ఉంటాయి, వాటిలో కావలసినవాటిని 'గిట్ చెర్రీ-పిక్'తో తాపీగా తెచ్చుకోవచ్చు.

ఏ బ్రాంచికీ అందకుండా మిగిలిన కమిట్ల వివరాలు ఈ చిట్టాలో మామూలుగా 30 రోజులు ఉంటాయి కనుక మీకు కావలసినంత వ్యవధి ఉంది. అయితే ఈ చిట్టా సర్వర్‌కు వెళ్లదు. కంగారులో ఫోల్డర్‌ను తొలగించి, సర్వర్ నుంచి మళ్లీ క్లోన్ చేసుకుంటే (కొత్త నకలు తెచ్చుకుంటే), దక్కవలసినది కూడా దక్కకుండా పోతుంది.

కమిట్ చేయని మార్పుల సంగతి వేరు. ఏదైనా ఫైలును 'గిట్ ఆడ్' చేసి (తరువాతి కమిట్ కోసం సిద్ధం చేసి) ఉంటే, ఆ క్షణంలో దానిలో ఉన్న పాఠాన్ని గిట్ అప్పుడే తన భాండారంలో దాచుకుని ఉంటుంది. 'గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్' అనే ఆదేశం అటువంటి అనాథ పాఠాలను బయటికి తీసి, గిట్ తన సమాచారమంతా దాచుకునే ఫోల్డర్‌లోనే ఒక పక్కన పెడుతుంది. ఫైళ్ల పేర్లు ఉండవు కాబట్టి, ఒక్కొక్కటీ తెరిచి ఏది ఏదో మీరే పోల్చుకోవాలి. ఆడ్ కూడా చేయని మార్పులు గిట్ చేతికి రానేలేదు. వాటికి మీ ఎడిటర్ సొంతంగా దాచుకునే చరిత్ర ఒక్కటే దిక్కు. కొత్తగా సృష్టించి, ఒక్కసారి కూడా ఆడ్ చేయని ఫైళ్లను మాత్రం హార్డ్ రీసెట్ సాధారణంగా ముట్టుకోదు.

ఇక మీదట తప్పు కమిట్‌ను తీసివేయాలంటే, అది చివరి కమిట్ అయి, దాన్ని ఇంకా పుష్ చేయకపోతే (సర్వర్‌కు పంపకపోతే), 'గిట్ రీసెట్ --సాఫ్ట్ హెడ్~1' చాలు. అది కమిట్‌ను విప్పి, మార్పులను అలాగే ఉంచుతుంది. పుష్ చేసిన కమిట్ అయితే 'గిట్ రివర్ట్' వాడండి. అది చరిత్రను తిరగరాయకుండా, ఆ మార్పును రద్దు చేసే కొత్త కమిట్‌ను చేరుస్తుంది.

ప్రశ్న: గిట్ వంటిదే అయిన సబ్‌వర్షన్‌లో మార్చిన ఫైళ్లను నేరుగా కమిట్ చేసేవాళ్లం. గిట్‌లో ఆడ్ అనే మెట్టు ఎందుకు? నేను ఎప్పుడూ 'గిట్ కమిట్ -ఏ -ఎమ్' అని ముగించేస్తున్నాను.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముగించవచ్చు, కానీ '-ఏ' కొత్త ఫైళ్లను చేర్చదన్న సంగతి గుర్తుంచుకోవాలి. మీ కంప్యూటర్‌లో నడిచిన ప్రోగ్రామ్ సర్వర్‌లో బిల్డ్ కాకపోవడానికి తరచూ ఇదే కారణం.

లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పని కోసం మొదలుపెట్టారు. అక్కడ ఒకరు రాసిన మార్పును ఇతరులు చదివి, ఒప్పుకున్నాకనే స్వీకరిస్తారు. చదివేవారికి ఒక కమిట్‌లో ఒకే ఉద్దేశం కనబడాలి. మనం పని చేసేటప్పుడు మాత్రం ఒక బగ్ సరిచేస్తూ, పక్కనే ఉన్న వేరియబుల్ పేరు మార్చి, మధ్యలో రెండు ప్రింట్ వాక్యాలు కూడా వదిలేస్తాం. ఈ కలగాపులగంలోంచి ఏవి కమిట్‌లోకి వెళ్లాలో ఏరుకునే చోటే స్టేజింగ్. 'గిట్ ఆడ్ -పీ' అంటే ఒకే ఫైలులోని మార్పులను ముక్కముక్కగా చూపి, ఇది కావాలా వద్దా అని అడుగుతుంది. నా దృష్టిలో, కొత్తవారు ముందుగా అలవాటు చేసుకోవలసిన ఆదేశం ఇదే, ఎందుకంటే తాను రాసినది తాను మళ్లీ చదువుకోక తప్పని పరిస్థితిని అది కల్పిస్తుంది. ఒక జాగ్రత్త: ఆడ్ చేసిన తరువాత అదే ఫైలును మళ్లీ మారిస్తే, ఆ కొత్త మార్పు కమిట్‌లోకి వెళ్లదు. 'గిట్ డిఫ్' స్టేజ్ చేయని తేడాను, 'గిట్ డిఫ్ --స్టేజ్డ్' కమిట్ కాబోయే తేడాను చూపుతాయి.

ప్రశ్న: డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు పొరపాటున సర్వర్‌కు వెళ్లిపోయింది. దాని పేరును గిట్‌ఇగ్నోర్‌లో చేర్చినా ఇంకా ట్రాక్ అవుతూనే ఉంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందుగా ఆ పాస్‌వర్డ్ మార్చండి, తక్కినవన్నీ తరువాత. గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల పేర్లుండే ఇగ్నోర్ జాబితా, ఇంకా ట్రాక్ కాని (గిట్ లెక్కలోకి రాని) ఫైళ్లకే వర్తిస్తుంది. 'గిట్ ఆర్‌ఎమ్ --క్యాష్డ్' అని ఆ ఫైలు పేరుతో కొట్టి కమిట్ చేస్తే, ఫైలు మీ డిస్కులో ఉంటూనే గిట్ లెక్కలోంచి తప్పుకుంటుంది. పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. 'ఫిల్టర్-రెపో' వంటి పనిముట్టుతో చరిత్రను తిరగరాయవచ్చుగాని, అప్పటికే క్లోన్ చేసుకున్నవారి దగ్గరున్న నకళ్లను అది మార్చలేదు.

ప్రశ్న: పుష్ చేస్తే తిరస్కరిస్తోంది. '--ఫోర్స్' పెట్టమని సహోద్యోగి సలహా ఇచ్చారు. పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: నలుగురూ వాడే బ్రాంచి అయితే పెట్టవద్దు. మీ దగ్గర లేని కమిట్లు సర్వర్‌లో ఉన్నాయని ఆ తిరస్కరణ చెబుతోంది. ఫోర్స్ పెడితే, వేరొకరి కమిట్లు ఆ బ్రాంచిలోంచి తప్పిపోతాయి. 'గిట్ ఫెచ్' చేసి (సర్వర్‌లోని కొత్త కమిట్లను తెచ్చుకుని), 'గిట్ లాగ్ హెడ్..ఆరిజిన్/మెయిన్' అని చూస్తే, ఇతరులు ఏం చేర్చారో తెలుస్తుంది. ఆ పైన 'గిట్ పుల్ --రీబేస్' చేసి (మీ కమిట్లను వారి కమిట్ల పైన మళ్లీ పేర్చి) పుష్ చేయండి. మీ మార్పులకూ వారి మార్పులకూ ఘర్షణలు వచ్చి దారి తోచకపోతే, 'గిట్ రీబేస్ --అబార్ట్' మిమ్మల్ని మొదటి స్థితికి తీసుకువస్తుంది. ఆ ఘర్షణలను సరిచేసేటప్పుడు, రీబేస్‌లో 'అవర్స్' అంటే మీ మార్పు కాదు, అవతలివైపుది. మీ సొంత బ్రాంచిని రీబేస్ చేశాక ఫోర్స్ తప్పనిసరి అయితే, '--ఫోర్స్-విత్-లీజ్' వాడండి. మీరు చివరిసారి ఫెచ్ చేసిన తరువాత సర్వర్‌లో ఏదైనా మారి ఉంటే, అది ఆగిపోతుంది. అయితే వచ్చినదేమిటో చూడకుండా ఫెచ్ చేసి వెంటనే లీజ్‌తో పుష్ చేస్తే, ఆ రక్షణ ఉండీ లేనట్టే.

ప్రశ్న: ఫైలుకు తెలుగులో పేరు పెడితే, 'గిట్ స్టేటస్' దాన్ని '\340\260' వంటి అంకెలుగా చూపిస్తోంది. ఫైలు పాడైందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పాడవలేదు. ఆంగ్లేతర అక్షరాల బైట్లను గిట్ మామూలుగా అష్టాంశ (ఎనిమిది ఆధారంగా రాసే) సంఖ్యలుగా ముద్రిస్తుంది, మీరు చూస్తున్నవి యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ప్రకారం తెలుగు అక్షరాల బైట్లే. 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్' అని ఒకసారి కొడితే, పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి. ఇది చూపే తీరును మాత్రమే మారుస్తుంది కాబట్టి, పాత కమిట్లలో మీరు సరిచేయవలసినది ఏమీ ఉండదు.