సైకిల్ మీద గీతలు లాగే అబ్బాయిని బీటెక్‌లో చేర్చాలా, పెయింటింగ్ షాపుకి పంపాలా?

తెనాలి దగ్గర నుంచి ఒక అమ్మ అడిగారు. వాళ్లబ్బాయికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, మార్కులు ఓ మోస్తరు. సెలవుల్లో వాళ్ల తాతయ్య తొక్కిన పాత సైకిల్ మొత్తం విప్పేసి నల్ల రంగు కొట్టి, దాని మీద సన్న బ్రష్‌తో బంగారు రంగు గీతలు లాగాడట, చూసినవాళ్లంతా స్టిక్కర్ అనుకున్నారట. ఇప్పుడు ఇదే పని చేసుకుంటా బీటెక్ వద్దు అంటున్నాడు, వాళ్ల నాన్నగారేమో వాడితో మాట్లాడటం మానేశారు. దీంతో బతకొచ్చా, మేం ఆపాలా వదిలేయాలా అని అడిగారు, సైకిల్ ఫోటోలు కూడా పెట్టారు.

అమ్మా, ఆ ఫోటోలు నాకు తెలిసిన ఒక పాత సైన్‌బోర్డు ఆర్టిస్టుగారికి చూపించాను, ఎందుకంటే చెయ్యి ఉందా లేదా అనేది నాకంటే ఆయనకే బాగా తెలుస్తుంది. పై కడ్డీ మీద గీత చూసి, అబ్బాయి ఊపిరి బిగబట్టి ఒకే లాగులో లాగాడు, మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఇది నేర్పిస్తే వచ్చేది కాదు అన్నారు. మడ్‌గార్డు దగ్గర జంట గీతలు పోనుపోను దూరమైపోయాయని, గీత మొదలైన చోట రంగు ఉండగట్టిందని కూడా చెప్పారు. ఆ రెండూ ప్రాక్టీసుతో పోయేవే. కాబట్టి మీవాడిది సెలవుల సరదా అని కొట్టిపారేయకండి, వాడి చేతిలో విషయం ఉంది.

ఇక బతకొచ్చా అన్నదానికి నా జవాబు సూటిగా చెప్తాను. గీతలు మాత్రమే వచ్చినోడికి మన దగ్గర కష్టం, గీత కింద ఉన్న పెయింట్ మొత్తం వచ్చినోడికి పని దొరుకుతుంది. మీవాడు చెవిలో వేసుకోవాల్సింది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ఎందుకంటున్నానంటే, ఒకప్పుడు ఇంగ్లండులో ర్యాలీ లాంటి సైకిల్ కంపెనీల్లో ఫ్రేముకీ మడ్‌గార్డుకీ గీతలు వేయడానికే మనుషులుండేవాళ్లు, మన తాతల కాలం నల్ల సైకిళ్ల మీద కనిపించే ఆ బంగారు గీతల సంప్రదాయం అక్కడిదే. తర్వాత ట్రాన్స్‌ఫర్లు (కాగితం మీంచి అద్దే డిజైన్లు), స్టిక్కర్లు వచ్చేసి ఆ పని చాలావరకు పోయింది. ఇప్పుడు కొత్త సైకిల్‌కి చేత్తో గీత వేయించుకుని దానికి డబ్బులిచ్చేవాళ్లు చాలా తక్కువ, ఆ ఆశ పెట్టుకోవద్దని వాడికి ఇప్పుడే చెప్పండి. కానీ ఈ పని పూర్తిగా చచ్చిపోలేదమ్మా. బుల్లెట్ బండి ట్యాంకు మీద ఆ బంగారు గీత ఉంటుంది చూడండి, చెన్నైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు దాన్ని చేత్తో వేయించడానికే పేరు తెచ్చుకున్నారు. ఇంగ్లండులో గుడ్‌వుడ్‌లో రోల్స్ రాయిస్ కారు పక్కన పొడుగునా ఉండే గీత కూడా చేత్తో వేసిందే, ఆ పని చేసి పేరు తెచ్చుకున్న మార్క్ కోర్ట్ అనే ఆయన అంతకుముందు సైన్‌బోర్డులు రాసుకునేవాడు. ఇవి గొప్పగా చెప్పుకోడానికి బావుంటాయి గానీ అలాంటి ఉద్యోగాలు ప్రపంచం మొత్తం మీద కొన్నే, వాటిని చూపించి కెరీర్ అని నేను చెప్పను. రోజువారీ పని ఉండేది వేరే చోట, పాత బుల్లెట్లు రాజ్‌దూత్‌లు రీస్టోర్ చేసే షాపుల్లో, పాత కార్లు దాచుకునేవాళ్ల దగ్గర, హెల్మెట్లు గిటార్లు కస్టమ్ పెయింట్ చేసేచోట, చేత్తో రాసిన బోర్డే కావాలని అడిగే కేఫ్‌ల దగ్గర. ఇందులో ఎవరి దగ్గరికెళ్లినా మొదట అడిగేది డెంటింగ్, పుట్టీ, ప్రైమర్, స్ప్రే గన్, పైన వేసే రంగులేని క్లియర్ కోట్ వచ్చా అని. గీత ఆఖర్లో అరగంట పని, అంతకు ముందు రోజుల తరబడి చేసేది అసలు పెయింటే.

అందుకే ఒక ఏడాది ఏదన్నా మంచి ఆటో పెయింటింగ్ షాపులో పెట్టమని అంటున్నా. మీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే, లారీ బాడీలు కట్టి రంగులేసి పేర్లు రాసే మేస్త్రీలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. లేదంటే ఐటీఐలో పెయింటర్ జనరల్ ట్రేడ్ ఉంది, రెండేళ్లు, సర్టిఫికెట్ వస్తుంది, దాంతో కంపెనీల్లో అప్రెంటిస్‌కి అప్లై చేసుకోవచ్చు. అన్ని ఐటీఐల్లో ఆ ట్రేడ్ ఉండదు, మీ చుట్టుపక్కల ఎక్కడుందో ముందు కనుక్కోండి. ఇంటర్ ఎంపీసీ చదివి ఐటీఐకా అని చుట్టాలు అంటారు, అననివ్వండి.

డిగ్రీ ఉండాల్సిందే అని నాన్నగారు గట్టిగా ఉంటే దానికీ దారుంది, బీటెక్ ఒక్కటే డిగ్రీ కాదు కదా. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, అప్లైడ్ ఆర్ట్ అయితే అక్షరాలు, బోర్డులు, డిజైన్ అన్నీ వస్తాయి, వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ ఉంది. ఇంకా పైకి చూస్తే బీడిజైన్, అమరావతి వైపు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ఆంధ్రప్రదేశ్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. యూసీడ్ మామూలుగా జనవరిలో జరుగుతుంది, అప్లికేషన్లు అంతకు ముందే అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతాయి, రెండుసార్లే రాయనిస్తారు అదీ వరసగా రెండేళ్లలోనే, కాబట్టి ఊరికే ఒకసారి చూద్దాం అని రాయించకండి. ఈ ఒక్క ఏడాది షాపులో పని చేస్తూ పరీక్షకి ప్రిపేర్ అయితే ఏడాది వేస్ట్ అవ్వదు, చేతిలో పని కూడా ఉంటుంది. నన్నడిగితే ఇదే మంచి దారి.

చెయ్యి గురించి వాడికి నేరుగా రెండు మాటలు. బాబూ, నువ్వు సైకిల్ మీద ప్రాక్టీస్ చేయకు, పాత గాజు పలక ఒకటి తెచ్చుకుని దాని మీద లాగు, తుడిచేయ్, మళ్లీ లాగు. గీతని నీ వైపుకి లాక్కోవాలి, బ్రష్ కొస వైపు కాదు గీత వెళ్లాల్సిన చోటుకి చూడాలి, చిటికెన వేలు గానీ ఉంగరం వేలు గానీ గొట్టం అంచుకి ఆనించి దాన్నే స్కేలులా వాడుకోవాలి. చెయ్యి కదిలేది భుజం నుంచి, మీ అమ్మ వాకిట్లో పెద్ద ముగ్గు వేసేటప్పుడు పొడుగు గీత ఎలా తీస్తుందో ఒకసారి చూడు, వేళ్లతో కాదు ఒళ్లంతా కదిలి తీస్తుంది. సైకిల్ గొట్టం గుండ్రంగా ఉంటుంది, పైగా పాత స్టీలు ఫ్రేముల్లో పై కడ్డీ అంగుళం లావే, అందుకే గీత తెలియకుండానే పక్కకి తిరిగిపోయి మెలి పడుతుంది. సన్న టేపు ఒకటి దారి చూపడానికి అంటించుకుని దాని పక్కనే లాగు, తప్పేం కాదు. కింద రంగు పూర్తిగా ఆరి గట్టిపడ్డాకే గీత వేస్తే, గీత తప్పినా టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ వేయొచ్చు. పైన క్లియర్ కొట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఎనామిల్ గీత సరిగా ఆరకుండా కొడితే ముడతలు పడి లేచిపోతుంది, పనికిరాని రేకు ముక్క మీద ముందు చూసుకో.

బ్రష్ కొనేటప్పుడు ముంగిస వెంట్రుకలవి అమ్ముతామంటారు, వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. పొడుగు వెంట్రుకల సింథటిక్ లైనర్లు, అంటే గీతల బ్రష్‌లు దొరుకుతాయి, నేర్చుకోవడానికి బాగానే పనికొస్తాయి.

అమ్మా ఇది మీకు, గట్టిగా చెప్తున్నా. పాత సైకిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకి) కట్టడి చేసిన నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్‌లో, తాతగారి సైకిల్ దానికంటే ఎంత పాతదో మీకే తెలుసు. ఎమ్రీ పేపర్‌తో పొడిగా రుద్దనివ్వకండి, నీళ్లు పెట్టి వాటర్ పేపర్‌తో రుద్దాలి, ఇంట్లో చిన్నపిల్లలు తిరిగే చోట అసలొద్దు. అలాగే హార్డెనర్ కలిపే టూ కే క్లియర్ స్ప్రే చేసినప్పుడు గాల్లోకి ఐసోసైనేట్లు అనే రసాయనాలు వస్తాయి, వాటివల్ల ఆస్తమా రావొచ్చు, ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటే ఆగవు. షాపులో సరైన రెస్పిరేటర్ మాస్కూ, గాలిని బయటికి లాగేసే ఏర్పాటూ ఉన్నాయో లేదో మీరే వెళ్లి చూడండి, లేకపోతే ఆ షాపు వద్దు, ఎంత పేరున్న మేస్త్రీ అయినా సరే.

వాళ్ల నాన్నగారి భయం తప్పు కాదు. ఫ్లెక్సీ వచ్చాక మన ఊళ్లలో బోర్డులు రాసే ఆర్టిస్టులు ఎంతమంది కుంచె పక్కన పెట్టారో ఆయన కళ్లారా చూసుంటారు, కొడుకు కూడా అలా అవుతాడేమోనని ఆ కోపం. ఆయనతో వాదించకండి, ఒక ఆదివారం ముగ్గురూ కలిసి ఆటోనగర్ వెళ్లండి, పని చేసే వాళ్లతో ఆయన్నే మాట్లాడమనండి, రోజుకి ఎంత వస్తుంది, ఏ నెలలో పనుండదు, వయసైపోయాక ఏం చేస్తారు, అన్నీ అడగమనండి. అబ్బాయిని కూడా ఒక పుస్తకం పెట్టమనండి, ఎవరి బండికి గీత వేశాడు, ఎన్ని గంటలు పట్టింది, రంగుకి ఎంతయింది, వాళ్లెంత ఇచ్చారు. ఊరికే చేసిపెట్టు అనే స్నేహితులకి కూడా అందులో లెక్క రాయాలి. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం నాన్నగారి ముందు పెట్టి, అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఈలోగా ఐటీఐ అడ్మిషన్ నోటిఫికేషన్, డిజైన్ పరీక్షల తేదీలు మీరు చూస్తూ ఉండండి, వాడు పెయింట్‌లో పడితే అవి గుర్తుండవు.