‘ఫ్యూరియోసా’ ఎలా ఉంది? ‘ఫ్యూరీ రోడ్’ కంటే ముందు చూడాలా, తర్వాత చూడాలా?

మీరు అడిగింది ఇది: 2015లో వచ్చిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’కి ప్రీక్వెల్‌గా 2024లో ‘ఫ్యూరియోసా’ తీశారు కదా, అది దాని స్థాయిలో ఉందా, బలాలేంటి, లోపాలేంటి, రెంటిలో ఏది ముందు చూడాలి అని.

నేను ‘ఫ్యూరియోసా’ రెండుసార్లు చూశాను. మొదటిసారి 2024 మే నెలలో, విడుదలైన వారంలోనే, హైదరాబాద్‌లో పెద్ద తెర మీద. రెండోసారి కొన్ని నెలల తర్వాత ఇంట్లో, అమ్మతో కలిసి. మొదటిసారి అసంతృప్తిగా బయటికి వచ్చాను. రెండోసారికి నా అభిప్రాయం చాలావరకు మారింది. రెండూ చెప్తాను. కథలో ముఖ్యమైన విషయాలు కూడా చెప్పక తప్పదు, కాబట్టి చూడాలనుకునేవాళ్లు చూశాకే ఇది చదవండి.

మొదటిసారి ఎందుకు నచ్చలేదంటే, నేను ఇంకో ‘ఫ్యూరీ రోడ్’ కోసం వెళ్లాను. అది మూడు రోజుల కథ. ఎడారిలో ఒక ట్యాంకర్ పారిపోతుంది, వెనక్కి తిరిగి వస్తుంది, రెండు గంటలు మనల్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వదు. ఆరు ఆస్కార్లు ఊరికే రాలేదు. ‘ఫ్యూరియోసా’ అలా కాదు. పదిహేనేళ్లకు పైగా సాగే కథ, ఐదు అధ్యాయాలు, 148 నిమిషాలు. చిన్నపిల్లని ఎత్తుకుపోతారు, ఆమె కళ్ల ముందే తల్లిని చంపుతారు, పిల్ల పెరిగి పగ తీర్చుకుంటుంది. మన సినిమాలు చూసి పెరిగినవాళ్లకి ఇది చాలా తెలిసిన దారి. హీరోయిన్ అన్యా టేలర్-జాయ్ తెర మీదకి రావడానికే దాదాపు గంట పడుతుంది. నా పక్కసీటు స్నేహితుడు అప్పటికే రెండుసార్లు టైమ్ చూసుకున్నాడు.

ఇప్పుడు ఆ మొదటి గంటే ఈ సినిమాకి అసలు బలం అంటాను. అమ్మకి ఇంగ్లిష్ అంతగా రాదు. చిక్కుడుకాయలు ఒళ్లో పెట్టుకుని ఈనెలు తీస్తూ చూడ్డం మొదలుపెట్టింది. బైకు మీద పడేసి తీసుకుపోతుంటే ఆ పిల్ల పెట్రోల్ పైపుని పళ్లతో కొరుకుతుంది. తల్లి మేరీ వాళ్ల వెనకే ఎడారిలో రాత్రీ పగలూ వెంటాడుతుంది. మాటలు చాలా తక్కువ. ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి ఎంత దూరంలో ఉన్నారో ప్రతి షాట్‌లో తెలిసిపోతుంది. ఆ వెంటాడటం అయ్యేదాకా అమ్మ చేతుల్లో కాయ కదల్లేదు. భాష తెలియని మనిషిని అంతసేపు పట్టి కూర్చోబెట్టాడంటే అది దర్శకుడు జార్జ్ మిల్లర్ గొప్పతనం. చిన్నప్పటి ఫ్యూరియోసాగా చేసిన అలైలా బ్రౌన్ కళ్లతోనే సగం కథ చెప్పేసింది.

చనిపోయే ముందు తల్లి ఆ పిల్లకి ఒక పీచ్ పండు గింజ ఇస్తుంది. సినిమా సగంలో, తుపాకులూ పేలుళ్లూ జోరుగా నడుస్తున్నప్పుడు అమ్మ అడిగింది, “ఆ గింజ ఏమైందిరా?” అని. నేను దాని సంగతే మర్చిపోయాను. సినిమా మర్చిపోలేదు. ఆ గింజ చివరికి ఎక్కడ మొలకెత్తిందో చూసినవాళ్లకి తెలుసు.

ప్రీక్వెల్స్‌తో వచ్చే పెద్ద చిక్కు, ఎవరు బతుకుతారో మనకి ముందే తెలిసిపోవడం. ‘ఫ్యూరీ రోడ్’ చూసినవాళ్లకి ఫ్యూరియోసాకి ఎడమ చెయ్యి ఉండదని కూడా తెలుసు. మిల్లర్ ఆ తెలిసిన విషయాన్నే వాడుకున్నాడు. పుట్టిన చోటికి వెళ్లే దారిని ఆమె నక్షత్రాల గుర్తులతో ఆ చేతి మీదే పచ్చబొట్టుగా పొడిచి ఉంచుకుంటుంది. శత్రువు చేతిలోంచి తప్పించుకోవాలంటే ఆ చేతినే వదులుకోవాల్సి వస్తుంది. ప్రాణం దక్కింది, ఇంటికి దారి పోయింది. చెయ్యి పోతుందని తెలిసి వెళ్లిన నాకు, ఆ చేతి మీద ఏం రాసి ఉందో మాత్రం తెలియదు. ఈ ఒక్క ఆలోచన కోసమైనా ఈ ప్రీక్వెల్ తీయడం సబబే అనిపించింది.

‘ఫ్యూరీ రోడ్’ షూటింగ్‌కి ముందే ఈ కథ స్క్రిప్టుగా ఉంది. అందులో ఫ్యూరియోసా పాత్ర చేసిన చార్లీజ్ థెరాన్‌కి చదవమని ఇచ్చారు కూడా. అందుకే రెండు సినిమాలూ తర్వాత అతికించినట్టు ఉండవు.

ఇంకో బలం, అన్నీ కూలిపోయి ఎడారిగా మిగిలిన ఆ ప్రపంచం ఎలా నడుస్తుందో చూపించడం. ఇమ్మోర్టన్ జో అనే నియంత ఏలే కోట సిటడెల్‌లో నీళ్లు, కూరగాయలు. గ్యాస్‌టౌన్‌లో పెట్రోల్. బుల్లెట్ ఫార్మ్‌లో తూటాలు. ఒకటి ఆగితే మిగతా రెండూ ఆగిపోతాయి. ఫ్యూరియోసా తల్లిని చంపిన ముఠా నాయకుడు, క్రిస్ హెమ్స్‌వర్త్ చేసిన డిమెంటస్, గ్యాస్‌టౌన్‌ని దొంగదెబ్బతో పట్టుకుంటాడు గానీ నడపడం చేతకాదు, కొన్నాళ్లకే నాశనం చేస్తాడు. మూడు బైకుల్ని గుర్రాల్లా కట్టి రథం తోలే మనిషి, నడుముకి టెడ్డీబేర్ కట్టుకుని తిరిగే మనిషి. ఒక పక్క నవ్వొస్తుంది, ఇంకో పక్క ఒళ్లు జలదరిస్తుంది. హెమ్స్‌వర్త్ నటనలో ఇదే అన్నిటికంటే మంచిదని నా అభిప్రాయం.

యాక్షన్ గురించి ఒక్కటి చెప్తే చాలు. మూడో అధ్యాయంలో ట్యాంకర్ మీద, ట్యాంకర్ కింద, గాల్లోంచి పారాచూట్లతో దిగేవాళ్లతో జరిగే పోరాటం పదిహేను నిమిషాలు ఉంటుంది. దానికి 78 రోజుల షూటింగ్ పట్టింది. పెద్ద తెర మీద చూసినప్పుడు నా పిడికిళ్లు బిగుసుకుపోయాయి.

ఇక లోపాలు. నన్ను ఎక్కువ బాధపెట్టింది డిమెంటస్‌కీ ఇమ్మోర్టన్ జోకీ మధ్య జరిగే నలభై రోజుల యుద్ధం. రెండు గంటలు దాని కోసమే అన్నీ పేర్చుకుంటూ వచ్చి, తీరా అక్కడికి వచ్చేసరికి కథకుడి గొంతుతో కొన్ని దృశ్యాల్లో దాటేశారు. పగ ఫ్యూరియోసాకీ డిమెంటస్‌కీ మధ్యది కాబట్టి యుద్ధం అనవసరం అనుకున్నారేమో. సరే, కానీ యుద్ధంలో ఆమె ఏం చేసిందో చూడకుండా ఒక్కసారిగా చివరి వేటలోకి దూకితే మనసు వెంటనే అందుకోదు.

ట్యాంకర్ నడుపుతూ ఫ్యూరియోసాకి తోడుగా నిలిచే జాక్ పాత్ర కూడా అంతే. టామ్ బర్క్ ఎంతో నిబ్బరంగా చేశాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది స్నేహమో ప్రేమో పేరు పెట్టకుండా వదిలేయడం నాకు నచ్చింది. కానీ వాళ్లు కలిసి గడిపిన రోజులు మనకి చూపించింది చాలా తక్కువ. ఇంకో పది నిమిషాలు ఉండి ఉంటే అతను పోయినప్పుడు గుండె బరువెక్కేది. ‘ఫ్యూరీ రోడ్’లో భయపెట్టిన ఇమ్మోర్టన్ జో ఇందులో దాదాపు పక్కనే నిలబడిపోయాడు.

గ్రాఫిక్స్ సంగతి కూడా చెప్పాలి. ‘ఫ్యూరీ రోడ్’లో లోహం లోహానికి తగిలితే మన పళ్లు జిల్లుమనేవి. ఇందులో కొన్ని చోట్ల బైకులు బరువు లేనట్టు ఎగిరిపడతాయి, వెనక ఆకాశం అతికించినట్టు తెలుస్తుంది. టీవీలో కంటే పెద్ద తెర మీదే ఇది ఎక్కువ కనిపించింది.

ఖర్చు సుమారు 16.8 కోట్ల డాలర్లు. వసూళ్లు దానికి కాస్త అటూ ఇటూగా ఆగిపోయాయి. థియేటర్ల వాటా పోతే అది నష్టమే. ఇలాంటి సినిమాకి మళ్లీ ఎవరు డబ్బు పెడతారా అని నాకు దిగులుగా ఉంది.

ఏది ముందు అంటే ‘ఫ్యూరీ రోడ్’ ముందు చూడండి. తర్వాత ‘ఫ్యూరియోసా’, వీలైతే వెంటనే ‘ఫ్యూరీ రోడ్’ మళ్లీ. అందులో ఒక సీన్ ఉంది. తను పుట్టిన పచ్చని చోటు ఇప్పుడు లేదని తెలిసి ఫ్యూరియోసా ఇసుకలోకి నడిచి, ఇనుప చెయ్యి విప్పి పడేసి, మోకాళ్ల మీద కూలబడి అరుస్తుంది. 2015లో నాకది ఒక మంచి షాట్. ఈసారి చూస్తుంటే, ఆ లేని చేతి మీద ఉన్న చుక్కలన్నీ నాకు గుర్తొచ్చాయి.