డ్రూపల్‌లో ఒక రోల్ వారి ప్రొఫైల్‌ను మరో రోల్ వారికి కనిపించకుండా చేయడం

వెబ్‌సైట్లు తయారుచేసే డ్రూపల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైటులో ఉపాధ్యాయుల ప్రొఫైళ్లు అందరికీ, విద్యార్థుల ప్రొఫైళ్లు ఉపాధ్యాయులకు మాత్రమే కనిపించేలా చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు గాని, పర్మిషన్ల పేజీలో టిక్కు పెడితే సరిపోదు. అక్కడి ‘వ్యూ యూజర్ ఇన్ఫర్మేషన్’ అనుమతి చూసేవారి రోల్‌నే, అంటే సైటులో వారికిచ్చిన వర్గాన్నే, లెక్కలోకి తీసుకుంటుంది. ఎవరి ప్రొఫైల్‌ను చూస్తున్నారన్నది దానికి పట్టదు.

గుంటూరులో కొందరు మిర్చి కమిషన్ వ్యాపారుల కోసం నేను తయారుచేసిన సైటులో ఇదే చిక్కు ఎదురైంది. రైతుల ఫోన్ నంబర్లు కమిషన్ ఏజెంట్లకు కనిపించాలి, కొనుగోలుదారులకు కనిపించకూడదు. తొందరపడి, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌తో నంబరును తెరమీద కనబడకుండా చేసి ఊరుకున్నాను. పేజీ సోర్సు తెరిచిన ఒక కొనుగోలుదారు నేరుగా రైతుకే ఫోన్ చేయడంతో యార్డులో నాకు అక్షింతలు పడ్డాయి.

ఆ తరువాత డ్రూపల్‌కు అదనంగా చేర్చే చిన్న మాడ్యూలు రాసి, ప్రొఫైల్ తెరిచేటప్పుడు డ్రూపల్ సంప్రదించే హుక్ యూజర్ యాక్సెస్ అనే ఫంక్షన్‌లో ‘వ్యూ’ ఆపరేషన్‌కు చూసేవారి రోల్‌నూ ప్రొఫైల్ యజమాని రోల్‌నూ కలిపి పరిశీలించి, కుదరనప్పుడు ‘ఫర్బిడెన్’ (నిషిద్ధం) అని జవాబిచ్చేలా చేశాను. ఫర్బిడెన్ అన్న మాటను మరే అనుమతీ తోసిపుచ్చలేదు. అది మరచినందువల్ల అడ్మిన్‌నైన నాకే రైతుల ప్రొఫైళ్లు తెరుచుకోలేదు. కనుక అడ్మిన్‌నూ, తన ప్రొఫైల్‌ను తానే చూసుకునేవారినీ ముందుగానే మినహాయించండి. ఈ రెండో మినహాయింపు వ్యక్తిని బట్టి మారుతుంది కాబట్టి, దాచి ఉంచిన ఫలితం ఎవరెవరికి వర్తిస్తుందో చెప్పే కాష్ కాంటెక్స్టు కూడా రోల్ దగ్గర ఆగకుండా యూజర్ దాకా వెళ్లాలి. లేకపోతే ఒకరికి ఇచ్చిన ఫలితమే మరొకరికీ వర్తించే ప్రమాదముంది. మిర్చి పండిస్తూ కమిషన్ వ్యాపారమూ చేసేవారు మా దగ్గర ఉన్నారు. అటువంటి రెండు రోల్స్ వారికి కఠినమైన నియమాన్నే వర్తింపజేశాను.

జాబితాలు తయారుచేసే వ్యూస్ మాడ్యూలుతో ఫీల్డులుగా (ఒక్కో వివరంగా) చూపే జాబితాలు ఈ హుక్‌ను సంప్రదించవు. అందుచేత ఫోన్ నంబరు వంటి వాటికి ఒక్కో ఫీల్డుకు విడిగా అనుమతి నిర్ణయించే హుక్ ఎంటిటీ ఫీల్డ్ యాక్సెస్‌ను కూడా రాయాలి. అది ప్రొఫైల్ పేజీలోనూ జాబితాలోనూ పనిచేస్తుంది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణిస్తుంది కాబట్టి, మీ విద్యార్థుల విషయంలో ఈ పనిని వాయిదా వేయకండి.

ఇన్ని చేసినా యూజర్ పేరు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే ‘వ్యూ లేబుల్’ అనే వేరే ఆపరేషన్‌ను డ్రూపల్ అందరికీ అనుమతిస్తుంది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది: మా రైతుల్లో చాలామంది తమ ఫోన్ నంబరునే యూజర్ పేరుగా పెట్టుకున్నారు.