‘పోలీసుల పర్యవేక్షణ’ అంటే ఎవరు ఎవరిని చూడటం?

సందేహం: మా పిల్లవాడి పోటీ పరీక్షల నోట్సులో ‘పోలీసుల పర్యవేక్షణకు స్వతంత్ర సంఘం’ అని ఉంది. పోలీసులు పర్యవేక్షిస్తారా, పోలీసులను పర్యవేక్షిస్తారా అని ఇంట్లో పెద్ద చర్చ అయింది. పర్యవేక్షణ, నిఘా, అజమాయిషీ – ఇక్కడ ఏది సరిపోతుంది? లోకాయుక్త ‘అన్నారు’ అనాలా, ‘అంది’ అనాలా?

సమాధానం: మీ ఇంట్లో రెండు పక్షాల వాళ్ళూ చెప్పింది వ్యాకరణం ప్రకారం కరెక్టే. షష్ఠీ విభక్తితో ఎప్పుడూ ఉన్న చిక్కే ఇది. ‘డాక్టరు పరీక్ష’లో పరీక్ష చేసేది డాక్టరు, ‘రక్త పరీక్ష’లో పరీక్షకు గురయ్యేది రక్తం. అయితే మన చెవి ‘పోలీసుల పర్యవేక్షణలో రథోత్సవం’, ‘పోలీసుల నిఘాలో పాత నేరస్థులు’ లాంటి మాటలకు ఎంతగా అలవాటు పడిందంటే, ఆ జంట వినగానే చూసేవాళ్ళు పోలీసులే అనుకుంటాం. కాబట్టి ‘పై’ చేర్చి ‘పోలీసులపై పర్యవేక్షణ’ అనండి, ఇంకో అర్థానికి చోటుండదు. ‘ప్రభుత్వ పర్యవేక్షణ’కూ ఇదే మందు.

ఇక మాట ఎంపిక. పర్యవేక్షణ అంటే పరి, అవ, ఈక్షణ – అన్ని వైపుల నుంచీ చూడటం. మాట మంచిదే గానీ వాడుకలో అది పైఅధికారి చూపుగా స్థిరపడింది. ‘డీఎస్పీ పర్యవేక్షణలో దర్యాప్తు’ అన్నామంటే ఆ శాఖవాళ్ళ పని ఆ శాఖవాళ్ళే చూసుకుంటున్నారని. బయటివాళ్ళు చూస్తున్నారని చెప్పాలంటే ఆ సంగతి విడిగా చెప్పక తప్పదు.

అజమాయిషీ పారసీ నుంచి వచ్చింది, అక్కడ అర్థం పరీక్షించడం. ఇప్పుడు ‘నా మీద అజమాయిషీ చేయకు’ అని విసుక్కోవడానికే మిగిలింది గానీ, రెవెన్యూవాళ్ళకు అది పంటల తనిఖీ. కరణాలున్న రోజుల్లో మా ఊళ్ళో చూశాను. గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, గట్టు మీద నిలబడి కరణం చేతిలో అడంగల్ (ఏ చేలో ఏ పంటో రాసే పుస్తకం) తీసుకుని, పుస్తకంలో వరి అని రాసి ఉంటే చేలో ఉన్నది వరేనా అని చూసి, తేడా ఉంటే అక్కడికక్కడే అడిగేవాడు. రాసినవాడు కాకుండా ఇంకొకడు చేలోకి దిగి సరిచూడటం, మీరు అడుగుతున్న భావానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచదు. ఇవాళ పెత్తనం అనే అర్థం దాని మీద పడిపోయింది కాబట్టి వాడమని మాత్రం చెప్పలేను.

నిఘా కూడా పారసీదే, ‘నిగాహ్’ అంటే చూపు. మనం దానికి అనుమానం కలిపాం. నిఘా కెమెరా అనే మాట రోజూ వింటున్నాం కదా, ఆ కెమెరాలే ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ, లాకప్‌లోనూ, వరండాలోనూ, వెనక వైపు కూడా పెట్టాలని 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటి సంగతి చూడటానికి రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో కమిటీలు వేయమంది. ఇంగ్లీషులో వాటి పేరులో ‘ఓవర్‌సైట్’ ఉంది. ఆ మాట కనిపించగానే తెలుగులో ‘స్వతంత్ర పర్యవేక్షణ కమిటీ’ అని రాసేస్తే మాత్రం నాకు బాధ. ఎందుకంటే రాష్ట్ర కమిటీలో ఉండేది హోంశాఖ, ఆర్థికశాఖ కార్యదర్శులు, డీజీపీ, మహిళా కమిషన్ నుంచి ఒకరు. ఉపయోగం లేదనను, కానీ డీజీపీ కూర్చునే కమిటీకి ‘స్వతంత్ర’ అని పేరు పెడితే చదివేవాడిని మోసం చేసినట్టే. పర్యవేక్షణ కమిటీ అంటే చాలు.

ఆ విశేషణం నప్పే చోటు వేరే ఉంది. 2006లో పోలీసు సంస్కరణలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రకాశ్ సింగ్ కేసు తీర్పులో, ఎస్పీ, ఆపై హోదా అధికారులపై ఫిర్యాదులు చూసే రాష్ట్ర అథారిటీకి రిటైరైన హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి, డీఎస్పీ స్థాయి వరకు చూసే జిల్లా అథారిటీకి రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షులుగా ఉండాలన్నారు. దాన్ని ‘పోలీసు ఫిర్యాదుల అథారిటీ’ అంటే మళ్ళీ మొదటి చిక్కే, పోలీసులు ఇచ్చే ఫిర్యాదులేమో అనిపిస్తుంది. లాకప్‌లో దెబ్బలు తిన్న కొడుకు కోసం ఎక్కడికి వెళ్ళాలో వెతుక్కునే తల్లికి బోర్డు చూడగానే అర్థం కావాలి కదా. మీ నోట్సులో వాక్యాన్ని ‘పోలీసులపై ఫిర్యాదులను విచారించే స్వతంత్ర సంఘం’ అని దిద్దుకోండి. కాస్త పొడవైనా ఫరవాలేదు.

ఇక అధికారుల అవినీతిపై ఫిర్యాదులు విచారించే లోకాయుక్త సంగతి. లోకాయుక్త అంటే లోక + ఆయుక్త, జనం కోసం నియమితుడైన వ్యక్తి. కొందరు లోక + అయుక్త అని విడదీసి, ‘అయుక్తం’ అంటే తగనిది కదా అని అడుగుతున్నారు. సవర్ణదీర్ఘ సంధిలో రెండూ ఒకే రూపమిస్తాయి కాబట్టి ఆ అనుమానం వస్తుంది, కానీ ఇక్కడున్నది దీర్ఘమే. 1983 చట్టంతో ఈ పేరు మనకు వచ్చినప్పుడు డు-కారం లేకుండానే వచ్చింది, అందుకే స్త్రీలింగంలా వినిపిస్తుంది. ఆ పదవిలో ఉన్న మనిషిని ఉద్దేశిస్తే, ఆడవారైనా మగవారైనా, ‘లోకాయుక్త ఆదేశించారు’ అనండి. సంస్థను ఉద్దేశిస్తే ‘లోకాయుక్త నోటీసు ఇచ్చింది’. ఒకే వార్తలో రెండూ వస్తే మొదటిసారి ‘లోకాయుక్త కార్యాలయం’ అని స్పష్టంగా రాస్తే సరిపోతుంది.