బైటూ కాఫీకి రెండో మనిషి

అక్కా అని మొదలుపెట్టావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. బెంగళూరు వచ్చి నాలుగు నెలలైందన్నావు. ఆఫీసులో పనికి తప్ప ఎవరూ పలకరించరని, మేనేజరు పిలిస్తే కడుపులో దేవినట్టు ఉంటుందని, ఆదివారం పొద్దు వాలేసరికి ఏడుపు వస్తుందని రాశావు. పరిచయాలు ఎలా పెంచుకోవాలి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఉద్యోగానికి ముప్పా, ఇంటి అడ్వాన్సు తగ్గించమని అడగవచ్చా అని మూడు ప్రశ్నలు వేశావు. మూడోది ఓనరుతో తేల్చుకో. మా రోజుల్లో పది నెలల అద్దె తీసుకెళ్లి చేతిలో పోసేవాళ్లం, బతికే ఉన్నాం. మొదటి రెండూ నాకు ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. ఈ ఊళ్లో నీకంటూ ఒక మనిషి లేదు.

అమెరికా వెళ్లినవాళ్ల మీద చూపించే జాలి కూడా మన మీద ఎవరూ చూపించరు. విమానం లేదు, వీసా లేదు, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇల్లు, ఇంక నీకు బెంగ ఏమిటంటారు. నన్ను ముంచింది ఆ రాత్రి బస్సే.

2006 జూన్‌లో కావలి నుంచి వచ్చాను. బీటీఎం లేఅవుట్‌లో ఆడపిల్లల పీజీ, గదికి నలుగురం, నలుగురమూ తెలుగువాళ్లమే. టెస్టింగ్ ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం ఆరు కొట్టగానే బ్యాగు భుజాన వేసుకుని మడివాళకు పరుగు. శనివారం పొద్దున అమ్మ చేతి కాఫీ, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. సోమవారం తల తడి ఆరకుండానే సీట్లో కూర్చునేదాన్ని, డబ్బాలో మాగాయ, కారప్పొడి. టీమువాళ్లు నంది హిల్స్‌కు వెళ్లినా, ఎవరింట్లో గృహప్రవేశమైనా నేను ఊళ్లో ఉండేదాన్ని కాదు. మూడుసార్లు పిలిచి నాలుగోసారి మానేశారు. పొగరనుకున్నారని చాలా కాలానికి తెలిసింది. నేనేమో వాళ్లే నన్ను దూరం పెట్టారని గదిలో ముగ్గురికీ చెప్పుకుని బాధపడేదాన్ని. వాళ్లూ తమ తమ ఆఫీసుల గురించి అదే చెప్పేవారు. నలుగురం ఒకరినొకరు సమర్థించుకుంటూ హాయిగా మునిగాం.

మధ్యాహ్నం ఎదురుపడ్డ ప్రతివాళ్లూ ‘ఊట ఆయ్తా?’ అనేవారు. భోజనమైందా అని. నేను తింటే వీళ్లకెందుకు, తినకపోతే వీళ్లకెందుకు అనుకునేదాన్ని. ఒకరోజు లేదని చెబితే, పక్క సీటావిడ తన డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది. రాగి ముద్ద, సొప్పు సారు, అంటే ఆకుకూర చారు. కంగారుపడి అక్కర్లేదంటూ లేచిపోయాను. మా వీధిలో అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు దారిన పోయేవాళ్లందరినీ భోంచేశావా అని అడిగేవారు. అదే మాట ఇంకో భాషలో వినేసరికి గుర్తుపట్టలేకపోయాను.

ఇక కాఫీ సంగతి. ఆఫీసు సందు చివర ఒక దర్శిని, అంటే చిన్న హోటలు, ఉండేది. కుర్చీలు ఉండవు, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తాగాలి. ఆ పక్క సీటావిడది మండ్య. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఒకరోజు వెంటబెట్టుకుని వెళ్లి కౌంటరు దగ్గర ‘బైటూ’ అంది. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇస్తారన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక కాఫీ కొనుక్కునే గతి లేనిదానిలా కనిపిస్తున్నానా? పర్సు తీసి, రెండు ఫుల్ కాఫీలు చెప్పి, డబ్బులు నేనే ఇచ్చి, మర్యాద నిలబెట్టానని మురిసిపోయాను. ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి ఇది పిసినారుల ఊరని నవ్వాను కూడా. ఆవిడ మళ్లీ రెండేళ్ల దాకా నన్ను కాఫీకి పిలవలేదు.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. జనవరికల్లా మా ప్రాజెక్టు మూతపడి బెంచీ మీదికి వచ్చాను, అంటే జీతం ఉంటుంది కానీ పని ఉండదు. ఉన్న కొద్దిపాటి కొత్త పనికి మనుషులను ఏరుతున్నారు. మేనేజరు నన్ను పిలిచి, ఇంకో తెలుగు అమ్మాయి పేరుతో మాట్లాడాడు. రెండున్నరేళ్లు ఆయన కిందే పనిచేశాను. నేను పట్టి రాసిన బగ్గులన్నీ, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులన్నీ, ఆయనకు తెలుసు, రాసింది నేనని తెలియదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఫలానా పనికి ఎవరు బాగుంటారని అడిగేది, చెప్పేది అంతా ఆ కాఫీ బల్ల దగ్గరే. అక్కడ లేనివాళ్ల పేరు నోట్లోకి ఎలా వస్తుంది?

నాలుగు నెలలు బెంచీ. ఈ రోజు ఎవరిని పంపేశారన్నదే రాత్రి గదిలో ముచ్చట. ఇద్దరికి ఉద్యోగాలు పోయి సామాను కట్టుకుని వెళ్లిపోయారు. మూడో అమ్మాయిది రాత్రి షిఫ్టు. ఉద్యోగం సంగతి అడుగుతారని నేను ఇంటికి వెళ్లడమూ మానుకున్నాను, ఫోనులో మాత్రం బాగున్నాను, బాగున్నాను. మూడింటికి మెలకువ వచ్చేది. చదివిన వరుసే మళ్లీ మళ్లీ చదివేదాన్ని, ఎక్కేది కాదు. తల దువ్వుకోవడం కూడా ఒక పనిలా ఉండేది. అది జబ్బని అనుకోలేదు, నా చేతకానితనం అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున లిఫ్టు దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. ఆ మండ్య ఆవిడే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఒక ఫారం ఇచ్చారు. అత్యవసరమైతే ఎవరికి తెలపాలి, స్థానిక ఫోను నంబరు. కలం అక్కడ ఆగిపోయింది. మూడేళ్లు కావస్తున్న ఊళ్లో రాయడానికి ఒక నంబరు లేదు. చివరికి పీజీ ఓనరుది రాశాను. మండ్య ఆవిడ కలం తీసుకుని దాన్ని కొట్టేసి తన నంబరు రాసింది. సంబంధం అన్న గడిలో ‘ఆఫీసు’ అని రాసింది.

ఒంట్లో ఏమీ లేదని తేల్చి మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన చెప్పినట్టు ఆరు నెలలు మందులు, వారానికోసారి మాటలు. ఉద్యోగం పోలేదు. ఆవిడే తన టీములో నన్ను వేయించింది.

నియమాలు, నంబర్లు నువ్వే వెతుక్కోగలవు, క్లుప్తంగా చెబుతాను. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర రోగాలకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలి, నీ పాలసీలో ఏముందో చూసుకో. హోసూరు రోడ్డు మీద మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆస్పత్రి ఉండనే ఉంది. ఊళ్లోవాళ్లు ఒకరినొకరు వెక్కిరించుకోవడానికి ఆ పేరు వాడతారు, నువ్వు పట్టించుకోకు. కంపెనీ పెట్టిన కౌన్సెలర్ అయితే, చెప్పింది ఎవరెవరికి తెలుస్తుందో మొదటి రోజే అడుగు. మేనేజరుకు జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. నిద్ర సరిగా లేదు, రెండు వారాలు రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ వద్దు, ఈ పని ఫలానా తేదీకి ఇస్తాను అని చెప్పు. ఏమి కావాలో తేల్చి చెబితే ఇవ్వడం వాళ్లకూ సులువు. అరిచే మనిషైతే, అనుకున్నదంతా ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టు.

పరిచయాల సంగతికి వస్తే, లింక్డిన్‌లో ఏడువందల మంది ఉన్నారని రాశావు, సంతోషం. వాళ్లలో ఒక్కరి అమ్మకైనా మోకాళ్ల నొప్పులున్నాయో లేవో తెలుసా? మీ తరానికి పప్పు కూడా ఫోనులోనే వస్తుంది, మనుషులు కూడా అలాగే వస్తారనుకుంటారు. నెలలో రెండు శనివారాలు ఊరికి వెళ్లకు. అమ్మ అలుగుతుంది, అలగనీ. నీ టీము కాని మనిషిని వారానికి ఒకరిని కాఫీకి పిలువు. ఉద్యోగం ఇప్పించమని, పేరు చెప్పమని అడగకు. వాళ్ల పని ఏమిటో అడుగు, ఎక్కడ చిక్కుపడుతున్నారో విను. నీకు తెలిసినదైతే ఒక పూట సాయం చెయ్యి. కంపెనీ మారిన వాళ్లకు పండక్కి ఫోను చెయ్యి. నా ఇప్పటి ఉద్యోగం అలా మారిన మనిషి ద్వారా వచ్చిందే, 2013లో. ఇవన్నీ చిన్న విషయాలుగా తోస్తాయి నీకు. నాకూ తోచాయి, ఆ ఫారం చేతికి వచ్చేదాకా.

కన్నడ నేర్చుకో. బస్సు బోర్డులు చదువుతూ రెండు నెలల్లో అక్షరాలు పట్టాను. మన లిపికి తోబుట్టువే, తలకట్టు దగ్గర కాస్త తేడా. ఇప్పుడు కన్నడ పత్రిక ప్రజావాణి మొదటి పేజీ ఎక్కడా ఆగకుండా చదువుతాను, మా ఆయనకు ఇప్పటికీ రాదు. తెలుగువాళ్లను వదిలెయ్యమనడం లేదు. అందరూ నీలాగే భయపడుతున్న గది ఒక్కటే నీ ప్రపంచం కాకూడదని అంటున్నాను.

బైటూ గుట్టు కూడా తర్వాత తెలిసింది. డబ్బు ఆదా చేసుకోవడానికని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిండు గ్లాసు తాగితే మళ్లీ సాయంత్రం దాకా లేవరు. సగమే అయితే రోజుకు నాలుగుసార్లు లేవవచ్చు, లేచినప్పుడల్లా ఇంకొకరిని వెంటబెట్టుకోవాలి. ఒంటరిగా వెళ్లి బైటూ అడిగి చూడు, ఆ రెండో గ్లాసు నీ ముందు ఎలా కూర్చుంటుందో. నేను ఒకసారి చేశాను, ఆవిడ ప్రసవానికి సెలవు పెట్టినప్పుడు. రెండూ నేనే తాగాను, రెండోది చల్లారిపోయింది.

ఆవిడ ఇప్పుడు మైసూరులో ఉంటుంది. మా ఫారాల్లో ఇప్పటికీ ఒకరి నంబరు ఒకరిది. నీ ఆఫీసులో చేరినప్పుడు అలాంటి గడి నువ్వూ నింపే ఉంటావు. ఎవరిది రాశావు?

వచ్చే శనివారం నేను జయనగర నాలుగో బ్లాకుకు కూరగాయలకు వస్తాను, పదకొండు గంటలకు. ఊరికి టికెట్టు తీసుకుని ఉంటే రద్దు చేసుకుని రా. కాఫీ తాగనన్నావు, టీ అయినా వాళ్లు బైటూ పోస్తారు.