ప్రశ్న–జవాబు: క్లయింట్ వెర్షన్ డైరెక్టర్‌ను దాటిపోతే

ప్రశ్న: మా కాలేజీలో బాక్యులా బ్యాకప్ సర్వర్ డెబియన్ 12 మీద ఉంది. కొత్తగా 6 రాకీ లినక్స్ 9 సర్వర్లు, 12 విండోస్ పీసీలు చేర్చాం. ఆన్సిబుల్ ప్లేబుక్ (చాలా మిషన్లను ఒకేసారి సెటప్ చేసే ఫైల్) డెబియన్ మిషన్లలోనే బాక్యులా క్లయింట్ (బ్యాకప్ తీయాల్సిన మిషన్‌లో ఉండే భాగం) ఎక్కించింది. రాకీలో చేత్తో ఎక్కించినా బ్యాకప్ జరగడం లేదు. – కాకినాడ పాఠకుడు

జవాబు: ప్లేబుక్ ఆగిపోవడానికి కారణం ప్యాకేజీ పేరు. డెబియన్‌లో అది ‘బాక్యులా-ఎఫ్‌డీ’, రాకీలో ‘బాక్యులా-క్లయింట్’. ఓఎస్ కుటుంబాన్ని బట్టి పేరు మారేలా ఒక వేరియబుల్ పెట్టండి. విండోస్‌కు ఇన్‌స్టాలర్ ఫైలే పంపాలి. ప్రశ్నలు అడగకుండా ఎక్కడానికి ‘/ఎస్’ ఇవ్వండి. ఆ ఎస్ పెద్దక్షరమే కావాలి.

అసలు చిక్కు వెర్షన్‌ది. డెబియన్ 12 ఇచ్చే బాక్యులా 9.6.7, రాకీ 9 ఇచ్చేది 11.0 శ్రేణి. సర్వర్‌లో బ్యాకప్‌లను నడిపించే డైరెక్టర్, డేటాను దాచే స్టోరేజ్ డీమన్ రెండూ ఒకే వెర్షన్‌లో ఉండాలి. క్లయింట్ వాటికి సమానంగానో, పాతదిగానో ఉండవచ్చు గానీ కొత్తది కాకూడదు. ఒక్కోసారి పనిచేసినట్టే కనిపించినా నమ్మకండి. రిస్టోర్ చేయాల్సిన రోజున ఆ భరోసా చాలదు. బాక్యులా కమాండ్లు ఇచ్చే బీకన్సోల్‌లో ‘స్టేటస్ క్లయింట్’ కొడితే మొదట్లోనే క్లయింట్ వెర్షన్ కనిపిస్తుంది.

మా సలహా: డైరెక్టర్‌నే పైకి తీసుకెళ్లండి. బాక్యులా కమ్యూనిటీ రిపోజిటరీలో రెండు కుటుంబాలకూ ఒకే వెర్షన్ ప్యాకేజీలు దొరుకుతాయి. ముందు కేటలాగ్ డేటాబేస్‌ను (ఏ ఫైల్ ఏ బ్యాకప్‌లో ఉందో రాసుకునే పట్టిక) డంప్ చేసి కాపీ దాచుకోండి. డైరెక్టర్, స్టోరేజ్ డీమన్‌లను కలిపి అప్‌గ్రేడ్ చేసి, కేటలాగ్ టేబుళ్లను మార్చే స్క్రిప్ట్ నడపండి. క్లయింట్ల వంతు ఆ తర్వాతే. అప్పుడు వెర్షన్ తనంతట మారకుండా డెబియన్‌లో ‘ఏపీటీ-మార్క్ హోల్డ్’, రాకీలో డీఎన్‌ఎఫ్ ‘వెర్షన్‌లాక్’ పెట్టండి. లేకపోతే ఏదో ఒక రాత్రి ఆటో అప్‌డేట్ క్లయింట్‌ను మళ్లీ డైరెక్టర్ కంటే ముందుకు తీసుకెళ్తుంది.

ఇక కనెక్షన్. డైరెక్టర్ నుంచి క్లయింట్‌కు 9102, క్లయింట్ నుంచి స్టోరేజ్‌కు 9103 పోర్టు తెరిచి ఉండాలి. ఎర్రర్ మాటే చాలావరకు కారణం చెప్పేస్తుంది. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ డెబియన్‌లో వస్తే క్లయింట్ కాన్ఫిగ్‌లో ఎఫ్‌డీ-అడ్రస్ 127.0.0.1గా, అంటే ఆ మిషన్ లోపలి నుంచే అందేలా, ఉండిపోయి ఉంటుంది. ప్యాకేజీ అలాగే ఇస్తుంది, దాన్ని మార్చాలి. రాకీలో ‘నో రూట్ టు హోస్ట్’ అంటే నెట్‌వర్క్ తెగిందని కంగారు పడకండి, అడ్డుపడేది రాకీ ఫైర్‌వాల్ అయిన ఫైర్‌వాల్‌డీ. అందులో ‘బాక్యులా-క్లయింట్’ సర్వీసును అనుమతించండి. రాకీలో డీమన్ తనంతట తాను మొదలవదు, ‘సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ’ చేయాలి. విండోస్ ఫైర్‌వాల్ అయితే జవాబే ఇవ్వకుండా టైమౌట్ చేయిస్తుంది.

కనెక్ట్ అయ్యాక కూడా డేటా కదలకపోతే డైరెక్టర్ కాన్ఫిగ్‌లో స్టోరేజ్ చిరునామా చూడండి. అక్కడ ‘లోకల్‌హోస్ట్’ ఉంటే ప్రతి క్లయింట్ స్టోరేజ్ కోసం తనలో తానే వెతుక్కుంటుంది. సర్వర్ అసలు పేరో, ఐపీనో రాయండి.

ప్రశ్న: విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్‌ను బ్యాకప్‌కు ముందు లినక్స్‌లో నడిపిస్తే ‘నో సచ్ ఫైల్’ వస్తోంది. ఫైల్ అక్కడే ఉంది. – విజయవాడ పాఠకురాలు

జవాబు: ఫైల్ ఉంది, లేనిది అది అడిగే ఇంటర్‌ప్రెటర్. విండోస్ ఎడిటర్ ప్రతి వరుస చివర క్యారేజ్ రిటర్న్ చేర్చడంతో మొదటి వరుసలోని ‘బ్యాష్’ పేరుకు ఒక కనిపించని అక్షరం అంటుకుంది. ఆ పేరుతో ప్రోగ్రామ్ లేదు కాబట్టి స్క్రిప్ట్ నడవదు, దానితో జాబ్ కూడా ఫెయిలవుతుంది. ‘డాస్‌టుయూనిక్స్’తో శుభ్రం చేయండి. స్క్రిప్టులు గిట్‌లో ఉంటే వరుస చివర్లు లినక్స్ పద్ధతిలోనే ఉండేలా గిట్-అట్రిబ్యూట్స్ ఫైల్లో షెల్ స్క్రిప్టులకు ‘ఈఓఎల్=ఎల్‌ఎఫ్’ రాసి పెట్టండి.